పనికిరాని పని చేసే హక్కు

'దీనివల్ల ఉపయోగం ఏమిటి?' అన్న ప్రశ్నను లోకం అందరినీ ఒకేలా అడగదు. చెరువుగట్టున గాలం వేసుకుని పొద్దుగూకేదాకా కూచున్న మగవాణ్ణి అడగదు. పాత నాణేలో, తపాలా బిళ్లలో పోగేసుకునే మగవాణ్ణి అడగదు. అడిగినా నవ్వుతూ అడిగి వదిలేస్తుంది. ఒక స్త్రీ రెండు గంటలపాటు తలుపు వేసుకుని, ఎవరూ తినని, ఎవరూ కట్టుకోని, ఇంట్లో ఎవరికీ అక్కరకురాని వస్తువును తన సంతోషం కోసం చేసుకుంటుంటే మాత్రం ఆ ప్రశ్న ఒక నీతిపరీక్ష అయిపోతుంది.

స్త్రీలకు హాబీలు లేవని కాదు. పెళ్లిచూపుల్లో 'హాబీలేమిటమ్మా' అని అడిగితే చెప్పవలసిన జవాబులు మనకు ముందే తెలుసు. కుట్లు, అల్లికలు, ముగ్గులు, సంగీతం, రకరకాల వంటలు. ఇవేవీ తక్కువ విద్యలు కావు. కానీ గమనించండి, వీటిలో ప్రతి ఒక్కటీ చివరికి ఇంటికే జమ అవుతుంది. అల్లిన స్వెట్టరు పిల్లాడికి, వేసిన ముగ్గు వాకిలికి, పెట్టిన పచ్చడి కంచానికి. స్త్రీ తీరిక కూడా సంసారానికి ఏదో ఒక రూపంలో పన్ను కట్టి తీరాలి. ఆ పన్ను కట్టని తీరికను స్వార్థం అంటారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ స్వార్థం గురించే. ఎవరికీ ఉపయోగపడని పనిలో గంటల తరబడి మునిగిపోవడం నైతికంగా సమర్థనీయమేనా? స్త్రీకి ఆ హక్కు ఉందా? ఉంటే దానికి హద్దు ఎక్కడ?

ఈ ప్రశ్నను గాలిలో తేల్చలేం కాబట్టి ఒక ప్రత్యేకమైన హాబీని తీసుకుంటాను. ఇంటి వెనక చిన్న షెడ్డులో లేత్ పెట్టుకుని, లోహాన్ని కోసి, చెక్కి, తొలిచి, నిజంగా తిరిగే చిన్న చిన్న ఇంజన్లు తయారుచేసే వ్యాపకం ఇది. ఇంగ్లండులో దీన్ని మోడల్ ఇంజనీరింగ్ అంటారు. 1898లో పెర్సివల్ మార్షల్ ఈ వ్యాపకం కోసమే 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక మొదలుపెట్టాడు. గుమాస్తాలు, టీచర్లు, డాక్టర్లు, రైల్వే కార్మికులు, ఎందరో సాయంత్రాలు షెడ్డుల్లో గడిపారు. ఇవి అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మలు కావు. ఆవిరి ఎక్కిస్తే పిస్టన్ కదలాలి, చక్రం తిరగాలి.

అక్కడ కొత్తగా నేర్చుకునేవారు చాలామంది మొదలుపెట్టే స్టూవర్ట్ 10వి అనే ఇంజను సంగతి చూడండి. సిలిండరు లోపలి వ్యాసం ముప్పావు అంగుళం. పిస్టన్ ఎక్కి దిగే దూరం కూడా ముప్పావు అంగుళమే. పోతపోసిన బీడు ముక్కలు గరుకుగా, నల్లగా వస్తాయి. వాటిని చక్‌లో బిగించి, ముఖం చదును చేసి, సిలిండరును తొలిచి, అందులో సరిగ్గా ఇమిడే పిస్టన్ చేసి, ఆవిరిని ఒకసారి పైనుంచీ ఒకసారి కిందనుంచీ పంపించే వాల్వును అమర్చాలి. నెలలు పట్టే పని. ఇంత శ్రమా పడ్డాక వచ్చేది అరచేతిలో పట్టే ఒక ఇంజను. అది నీళ్లు తోడదు, పిండి విసరదు. ఊరికే తిరుగుతుంది.

'ఊరికే' అన్న ఈ మాటలోనే రాజకీయమంతా ఉంది. ఆ షెడ్డు ఎవరిది? ఆ సాయంత్రం ఎవరిది? వర్జీనియా వూల్ఫ్ 1929లో, స్త్రీ సాహిత్యం రాయాలంటే తనదంటూ ఒక గది, ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం కావాలంది. ఇంగ్లండు మధ్యతరగతి మగవాడికి అప్పటికే ఆ గది పెరట్లో ఉంది. వేళకు అతనికి ఎవరో వండిపెట్టారు, నూనె మరకల చొక్కా ఎవరో ఉతికారు, పిల్లల్ని ఎవరో పడుకోబెట్టారు. ఈ వ్యాపకం చుట్టూ అల్లుకున్న హాస్యంలో భార్య ఎప్పుడూ ఒకటే పాత్ర. తివాచీ మీద ఇనప తురుము కనిపించిందని గొణుగుతుంది, వంటింటి ఓవెన్‌లో ఇంజను ముక్క వేడిచేశాడని కోప్పడుతుంది. ఆ జోకుల్ని తిరగేసి చదివితే, అతని తీరిక ఎవరి పనిగంటల మీద నిలబడిందో తెలుస్తుంది.

మరి స్త్రీలు లేత్ దగ్గరికి రాలేదా? వచ్చారు, కానీ ఏ ద్వారం గుండా వచ్చారన్నది చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే, బ్రిటన్‌లో లక్షలాది స్త్రీలు ఆయుధ కర్మాగారాల్లో చేరారు. లేత్‌ల మీద ఫిరంగి గుండ్లు చెక్కారు. ఆడచేతులకు లోహం లొంగదన్న సిద్ధాంతం యుద్ధం నడిచినన్నాళ్లూ ఎవరికీ గుర్తురాలేదు. యుద్ధం ముగిశాక, యుద్ధానికి ముందున్న పని పద్ధతుల్ని పునరుద్ధరించాలంటూ 1919లో చట్టం చేసి వాళ్లను ఇళ్లకు పంపారు. ఆ ఏడాదే కొందరు స్త్రీలు ఉమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ పెట్టుకున్నారు. ఆవిరి టర్బైను కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ కూతురు రేచెల్ పార్సన్స్ దానికి మొదటి అధ్యక్షురాలు.

ఆ సొసైటీకీ మన తెలుగువాళ్లకూ ఒక సంబంధం ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, చేతిలో పసిపిల్ల. తండ్రి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన అండతో అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొంది, దేశంలోని తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లింది. 1965లో ఆ లండన్ సొసైటీలో పూర్తిస్థాయి సభ్యురాలైంది. లలిత ప్రతిభ ముందు తలవంచుతూనే ఒక మాట అడగాలి. ఆమె భర్త బతికి ఉంటే, ఆ కాలంలో ఆమెకు యంత్రాల మధ్యకు దారి దొరికేదా?

మన పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదిందీ, సమ్మెట ఎత్తిందీ చాలా ఇళ్లలో స్త్రీలే. రాజస్థాన్ నుంచి బండ్ల మీద ఊళ్లు తిరిగే గాడియా లోహార్ల దగ్గర మగవాడు పట్టకారుతో ఎర్రటి ఇనుమును పట్టుకుంటే, ఎదురుగా నిలబడి సమ్మెట వేసేది ఆమె. అయినా 'కమ్మరి' అనగానే మన కళ్లముందు మెదిలేది మగవాడే. ఆమె పనికి 'సాయం' అని పేరు. సింథియా కాక్‌బర్న్ 1983లో లండన్ పత్రికల అచ్చుకూర్పు కార్మికుల మీద రాసిన 'బ్రదర్స్' పుస్తకంలో, నైపుణ్యం అన్నది చేతుల్లో ఉండే గుణం మాత్రమే కాదనీ, మగవాళ్లు సంఘటితంగా కాపాడుకున్న ఆస్తి అనీ చూపించింది. అక్కడి అచ్చుకూర్పుకూ ఇక్కడి కొలిమికీ దూరం ఎంత ఉన్నా, ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

అంటే యుద్ధం కావచ్చు, వైధవ్యం కావచ్చు, కులవృత్తి కావచ్చు, స్త్రీ లోహం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక అవసరం ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. అవసరాన్ని చూపిస్తే లోకం కొంత దారి ఇస్తుంది. 'నాకిష్టం, అందుకని' అంటే ఇవ్వదు.

అలా ఇష్టంతోనే వచ్చిన స్త్రీ కూడా ఉంది. చెర్రీ హిల్ 1931లో ఇంగ్లండులోని మాల్వర్న్‌లో పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో పొలాల్లో, రోడ్ల మీద తిరిగిన ఆవిరి ట్రాక్షన్ ఇంజన్లను, ముఖ్యంగా ఎవరికీ పెద్దగా గుర్తులేని విచిత్రమైన నమూనాలను వెతికి, చాలావరకు అసలులో 16వ వంతు పరిమాణంలో తయారుచేసింది. 1857 నాటి బ్లాక్‌బర్న్ వ్యవసాయ ఇంజను వాటిలో ఒకటి. ఒక్కొక్క నమూనాకు ఏళ్లు పట్టేవి. ఇంగ్లండు మోడల్ ఇంజనీర్లు అన్నిటికన్నా గొప్పగా భావించే డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో ట్రోఫీ ఆమెకు తొమ్మిదిసార్లు వచ్చింది. 2000లో ఎంబీఈ గౌరవం దక్కింది. తను చేసిన ఇంజన్లలో చాలావాటిని లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు ఇచ్చేసింది, అమ్ముకోలేదు. తన ఇష్టాన్ని అవసరంగా చూపించుకోకుండా అన్నేళ్లు నిలబెట్టుకోవడమే నాకు ఆమెలో కనిపించే ధైర్యం.

ఇంకొక పేరు కూడా చెప్పుకోవాలి. 'ఎల్‌బీఎస్‌సీ' అన్న కలంపేరుతో ఈ వ్యాపకాన్ని సామాన్యుడి ఇంటికి చేర్చిన వ్యక్తి 1883లో విలియం మోరిస్ బెంజమిన్‌గా పుట్టి, తర్వాత లిలియన్ లారెన్స్ అన్న పేరు పెట్టుకుని, 1967లో చనిపోయారు. రెండున్నర అంగుళాల పట్టాల మీద నడిచే 'ఆయేషా' అనే చిన్న బొగ్గు ఇంజనుతో, అంత చిన్న బాయిలరు కూడా మనుషుల్ని లాగగలదని 1920లలో నిరూపించారు. వంటింట్లో కూచుని కబుర్లు చెప్పినట్టు, చదువురాని వాడికి కూడా అర్థమయ్యేలా వందలాది వ్యాసాలు రాశారు. ఆ స్త్రీ పేరు వెనక ఉన్న జీవితానికి మనం ఏదో ఒక ముద్ర వెయ్యనక్కర్లేదు. మగతనానికి కంచుకోట అనుకున్న షెడ్డులో, అందరికన్నా ఎక్కువమందికి గురువైన మనిషి ఆ మగతనం చట్రంలో పూర్తిగా ఇమడలేదని గుర్తుంచుకుంటే చాలు.

ఇక నా సంగతి. మా నాన్న హైదరాబాద్‌లో ఓ కర్మాగారంలో టర్నర్‌గా 32 ఏళ్లు పనిచేశాడు. నేను 54వ ఏట, పిల్లలు వెళ్లిపోయాక, వెనక వరండాలో నలభై కిలోల చిన్న లేత్ ఒకటి బిగించుకున్నాను. రాణిగంజ్‌లో ఇత్తడి చువ్వలు, ఇనప చువ్వలు కొనుక్కొచ్చి, సిలిండరే అటూ ఇటూ ఊగుతూ ఆవిరికి దారి తెరిచి మూసే రకం చిన్న ఇంజను మొదలుపెట్టాను. నాన్న కుర్చీ వేసుకుని చూసి, 'ఇది నీకు జీతం ఇస్తుందా తల్లీ?' అన్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు. ఆయనకు లేత్ అంటే షిఫ్టు సైరను, చెవుల్లో హోరు, నెల మొదట్లో జీతం కవరు. ఇష్టంతో లేత్ దగ్గర నిలబడటం ఆయనకు ఊహకందని విషయం. కులవృత్తిగా కొలిమిని తలకెత్తుకున్నవాళ్లకూ అంతే. బలవంతంగా మీద పడ్డ పనినే నేను తీరికగా ఎంచుకోగలగడంలో నా వర్గం ఉంది, నా కులం ఉంది. స్త్రీనైనంత మాత్రాన ఇది మాయమైపోదు.

మొదటి రోజు నాన్న చెప్పిన పాఠం మాత్రం నాకు స్త్రీవాద పాఠంలాగే వినిపించింది. తిరిగే చక్ దగ్గరికి చున్నీ రాకూడదు, పైట వేలాడకూడదు. జుట్టు బిగించి కట్టాలి. గాజులు తియ్యాలి, ఉంగరాలు తియ్యాలి, మెడలో వేలాడేది ఏదైనా తీసి పక్కన పెట్టాలి. చేతికి తొడుగులు కూడా వేసుకోకూడదు, పట్టుకుంటే చెయ్యి లోపలికి లాగేస్తుంది. మా అత్తగారు బతికుండగా మంగళసూత్రం తియ్యడం గురించి ఇంట్లో ఎన్ని పంచాయితీలు జరిగాయో! ఇక్కడ ఏ వాదనా లేకుండా, కేవలం ప్రాణభయం చేత, అవన్నీ ఒక స్టీలు గిన్నెలోకి చేరాయి. స్త్రీ దేహానికి తగిలించిన అలంకారాలు ఎన్ని పనులకు అడ్డో ఏ ఉపన్యాసమూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన ఒక వ్యాసంలో, ఆడపిల్లలు తమ శరీరాన్ని పూర్తి బలంతో, నమ్మకంతో వాడకుండా ముడుచుకోవడం పుట్టుకతో వచ్చింది కాదనీ, పెంపకంతో వచ్చిందనీ అంటుంది. ఆకురాయి పట్టుకుని భుజం బలమంతా వేసి తోసిన రోజున ఆ మాట నా ఒంటికి అర్థమైంది.

లోహం నేర్పే ఇంకొక విషయం ఉంది. మనకు చిన్నప్పటినుంచీ అలవాటైన కొలమానం మెప్పు. కూర ఎలా ఉందో తిన్నవాళ్ల ముఖం చూసి తెలుసుకుంటాం. మంచి కోడలమో కాదో చుట్టాల మాటల్ని బట్టి తెలుసుకుంటాం. మైక్రోమీటరుకు ముఖం లేదు. పిస్టన్ వెయ్యోవంతు అంగుళం, అంటే 0.025 మిల్లీమీటర్లు, తలవెంట్రుక మందంలో సుమారు మూడోవంతు ఎక్కువైతే సిలిండరులోకి దిగదు. తక్కువైతే గాలి పక్కలనుంచి పోతుంది. ఎవరు బుజ్జగించినా, ఎవరు ఎగతాళి చేసినా ఆ కొలత మారదు. ఇంకొకరి ముఖం చూడనక్కర్లేకుండా 'ఇది సరిగ్గా ఉంది' అని తనకు తాను చెప్పుకోగలగడం స్త్రీకి చిన్న విషయం కాదు. పనికిరాని పనిలో ఉన్న నైతిక విలువ ఇదే అనుకుంటాను. ఉపయోగం అన్నది ఎప్పుడూ ఇంకొకరి అవసరంతో కొలిచేది. ఆ కొలత పక్కకు తప్పుకున్నప్పుడే పనికీ, చేసే మనిషికీ మధ్య నిజాయితీ ఎంతుందో బయటపడుతుంది. అయితే లోహానికి పక్షపాతం లేదని వర్క్‌షాపుకు కూడా లేదనుకోకూడదు. ఇత్తడి నన్ను ఆడదానిగా చూడలేదు కానీ, అది అమ్మే కొట్టులో 'సార్ రాలేదా మేడం?' అని అడిగారు.

హానా ఆరెంట్ 1958లో వచ్చిన 'ద హ్యూమన్ కండిషన్'లో చాకిరీకీ సృజనకూ మధ్య గీత గీసింది. చాకిరీ బతుకును నిలబెడుతుంది, కానీ అయిన మరుక్షణమే అరిగిపోతుంది. సృజన లోకంలో నిలిచే వస్తువును మిగులుస్తుంది. నలభై ఏళ్లు వండి వార్చిన స్త్రీ చేతిలో చివరికి ఏమీ మిగలకపోవడాన్ని ఈ గీత బాగా పట్టిస్తుంది. పదేళ్ల తర్వాత కూడా ఉండే వస్తువు ఒక్కటైనా చెయ్యాలన్న కోరిక అందులోంచే పుడుతుంది. కానీ ఇదే గీత మనల్ని మోసం కూడా చేస్తుంది. చాకిరీ తక్కువది, సృజన ఎక్కువది అనుకున్న మరుక్షణం, ఎక్కువది నాకు అట్టిపెట్టుకుని తక్కువదాన్ని ఇంకొకరి మీదికి తోసెయ్యడం న్యాయంగా కనిపిస్తుంది. ఆ షెడ్డుల్లోని మగవాళ్లు చేసింది అదే కదా!

నా రెండు గంటలు ఎక్కడినుంచి వచ్చాయి? మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి ఇచ్చిన గంటలవి. ఆమె మా ఇల్లు కాక ఇంకో రెండిళ్లు చేస్తుంది. తర్వాత తన ఇల్లు. చాలా రోజులు లేత్‌ను చూసినప్పుడల్లా 'గిది దేనికొస్తదమ్మా?' అని అడిగేది. ఇంజను పూర్తయి, చిన్న కంప్రెసర్ గాలికి టకటకమంటూ తిరిగిన రోజు ఆమె చీపురు పట్టుకునే నిలబడి చూసింది. ఆగిపోతే వేలితో చక్రాన్ని తోసి, అది మళ్లీ అందుకుంటే గట్టిగా నవ్వి, 'ఇంకోపారి తిప్పమ్మా' అంది. ఆ రోజు దేనికొస్తదని అడగలేదు. తిరిగేది ఊరికే తిరుగుతుంటే చూడటంలో ఉన్న సంతోషం చదువుకున్నవాళ్లకూ, ఇళ్లున్నవాళ్లకూ మాత్రమే సొంతం కాదని అందరం ఒప్పుకుంటాం. ఆ సంతోషానికి కావలసిన సమయం మాత్రం వాళ్లకే సొంతంగా ఉంది.

2019లో దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. మగవాళ్లు 97 నిమిషాలు. పైగా ఆ పనిలో అసలు పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం అయితే, మగవాళ్లు 26.1 శాతమే. తీరిక దానంతట అది దొరికే గాలి కాదు. దాన్ని ఇంట్లో, వీధిలో, దేశంలో ఎవరో పంచుతున్నారు, ఎవరికో కోస్తున్నారు.

అయితే లేత్ మీద గుడ్డ కప్పేసి, త్యాగం చేసి కూచోవాలా? అలా అనడం నాకు సమ్మతం కాదు. స్త్రీలను త్యాగానికి ఒప్పించడానికి లోకం ఎప్పుడూ ఇంకొక స్త్రీ కష్టాన్నే చూపించింది. నా రెండు గంటలు నేను వదులుకుంటే అవి ఆమె దగ్గరికి వెళ్లవు, మళ్లీ వంటింట్లోకే వెళతాయి. చెయ్యగలిగినవి వేరే ఉన్నాయి. ఇంట్లో మగవాళ్ల 97 నిమిషాలను పెంచాలి. మా భోజనాల బల్ల దగ్గర ఆ బేరం ఇంకా నడుస్తూనే ఉంది. పనిచేసే ఆమెకు వారానికో రోజు జీతం కొయ్యకుండా సెలవు ఇవ్వాలి. 'ఆ రోజు ఏం చేస్తావు?' అని అడగకూడదు. పడుకుంటుందో, సినిమా చూస్తుందో, ఊరికే గుమ్మంలో కూచుంటుందో అది ఆమె ఇష్టం. సెలవు దేనికో చెప్పమంటే మళ్లీ ఉపయోగం అన్న పరీక్షే పెట్టినట్టు. ఇళ్లలో పనిచేసేవాళ్లు సంఘం పెట్టుకుని పనిగంటలకూ సెలవుకూ చట్టం కావాలని అడిగితే, యజమానురాళ్ల వైపు కాక వాళ్ల వైపు నిలబడాలి. అది లేకుండా నా వరండాలో ఇంజను ఎంత బాగా తిరిగినా, అది పాత షెడ్డుకు కొత్త యజమాని రావడమే అవుతుంది.

మనం ఇన్నాళ్లూ పని హక్కు అడిగాం, సమాన వేతనం అడిగాం, ఇంటిచాకిరీకి గుర్తింపు అడిగాం. అవన్నీ ఇంకా అడగవలసే ఉంది. వాటి పక్కన ఇంకొకటి కూడా చేర్చాలని నా వాదన. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని, ఎవరి కడుపూ కొట్టని, ఎందుకూ పనికిరాని పని చేసుకునే సమయం ప్రతి స్త్రీకీ కావాలి. స్త్రీ విముక్తి సంగతి తేల్చేటప్పుడు ఆమె ఎంత సంపాదిస్తోందన్న లెక్కతో పాటు, ఆమె 'ఊరికే' గడపగలిగిన గంటలెన్ని, ఆ గంటలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి అన్న లెక్క కూడా తీద్దాం.